సుమలత వైపు అద్దం

మీలో కారున్నవాళ్లు ఎవరైనా ఉంటే, డ్రైవర్ తలుపు లోపలివైపు ఒకసారి చూడండి. అద్దాలు ఎక్కించి దించే స్విచ్చులు వరసగా ఉంటాయి. వాటి పక్కన, పెళ్లిలో ఎవరి తరఫో తెలియని చుట్టంలా, ఇంకో చిన్న బొత్తాం ఉంటుంది. దాన్ని నొక్కితే మిగతా తలుపుల దగ్గరున్న స్విచ్చులు పనిచేయవు. పిల్లలు అద్దాలతో ఆడి వేళ్లు ఇరికించుకోకుండా పెట్టారట.

పిల్లల కోసం పెట్టినదాన్ని పెళ్లాం మీద వాడితే ఏమవుతుందో చెబుతాను, వినండి.

నా పేరు శ్రీహరి. సూర్యాపేటలో బోరు మోటార్లు, పైపులు అమ్ముతాను. ఈమధ్య కోదాడలో ఒకాయన దగ్గర పాత కారు కొన్నాను. ఇంజన్ బాగుంది, ఏసీ బాగుంది. బాగాలేనిదల్లా మా ఆవిడ సుమలత వైపు అద్దం. అది పైన ఉండదు.

సుమలత పుట్టిల్లు మిర్యాలగూడ. మా ఇంటి నుంచి అక్కడిదాకా రోడ్డు పక్కన ప్రతి ఊళ్లో ఆమెకు ఒక వదినో, చిన్నమ్మో, కనీసం వాళ్లింటికి పాలు పోసే మనిషో ఉంటారు. వాళ్లు కనబడగానే ఆమె వేలు స్విచ్ మీదికి పోతుంది. అద్దం దిగుతుంది. నేను డీజిల్ పోసి చల్లబరిచిన గాలి వరిపొలాల పాలవుతుంది. ఆ పొలాలకు నేను మోటార్లే అమ్మాననుకున్నాను, ఏసీ కూడా బిగించానని తర్వాత తెలిసింది.

ఒకసారి అడిగాను. "చెయ్యి ఊపితే సాలదా? అద్దం దించుడెందుకు?"

"నడుసుకుంట పోయిననాడు నిలవడి మాట్లాడినోళ్లం. కార్ల పోంగ అద్దం గూడ దించకపోతె ఏమంటరు?"

ఏమంటారో నాకూ తెలుసు. "కారు కొన్నరు, అద్దం దించుతలేరు" అంటారు. మా దిక్కు ఒకడు దొంగతనం చేస్తే కొన్నాళ్లకు మరిచిపోతారు. ఈ మాట పడ్డవాడి మనవడికి కూడా పిల్లనిచ్చేముందు ఆలోచిస్తారు.

వదినలను, చిన్నమ్మలను నేను భరించగలను. నేను భరించలేనిది వేములపల్లి కాటమ్మను. సుమలతకు మేనత్త, వరసకు నాకు పెద్దమ్మ. చాటుగా నేను పెట్టుకున్న పేరు మైకు కాటమ్మ. ఆమె ఇల్లు సరిగ్గా రోడ్డు మీదే ఉంటుంది. నా దుకాణంలో ఆమె ఒక బోరు మోటరు కొంది. అది వేడెక్కితే ఆగిపోతుంది, చల్లారితే మళ్లీ నడుస్తుంది. "కాలిపోకుండ అదే ఆగుతది పెద్దమ్మా, మంచిదే" అని సర్దిచెప్పాను. అప్పటినుంచి మోటరు ఆగుతూ నడుస్తోంది గాని, పెద్దమ్మ మాత్రం ఆగకుండా నడుస్తోంది. కారు ఆగిందంటే చాలు, అద్దంలోంచి తల లోపలికి పెట్టి మోటరు పురాణం ఎత్తుకుంటుంది. ఆ తల బయటికి తీయించడానికి క్రేన్ కావాలి.

ఆ ఆదివారం మా బామ్మర్ది వెంకట్ కొడుకుకు తొట్టెల, అదే ఉయ్యాల పండుగ. మిర్యాలగూడ పోవాలి. మధ్యలో వేములపల్లి ఉంది. బయలుదేరేముందు సుమలత ఇంటికి తాళం వేస్తుంటే, నేను ఆ చిన్న బొత్తాం నొక్కేశాను.

సూర్యాపేట దాటగానే మొదటి వదిన కనబడింది. సుమలత స్విచ్ నొక్కింది. అద్దం కదల్లేదు.

"ఏందండి, అద్దం దిగుతలేదు?"

"అట్లనా?" అన్నాను రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. అంత బాధ్యతగా నేనెప్పుడూ బండి నడపలేదు. వదిన వెనకబడిపోయింది.

"మోటరు కాలి ఉంటది," అన్నాను.

"అద్దానికి మోటరేంది?"

ఇక్కడే నేను ఊరుకోవాల్సింది. కానీ మోటరు అనే మాట వింటే నాలో దుకాణందారు లేస్తాడు.

"తలుపు లోపల చిన్న మోటరుంటది. బ్యాటరీ కాడికెల్లి కరెంటు ఫీజు దాటి స్విచ్చుకు వస్తది, స్విచ్చు కాడికెల్లి మోటరుకు పోతది. మోటరు తిరిగితె దానికి చుట్టిన తీగ అద్దాన్ని పైకి గుంజుతది. బాయిల బొక్కెన చేదినట్టే."

"మరి దించుడెట్ల?"

"స్విచ్చు రెండో దిక్కు నొక్కితె కరెంటు ఉల్టా పోతది. ప్లస్సు మైనస్ అయితది, మైనస్ ప్లస్సు అయితది. అదే మోటరు ఉల్టా తిరుగుతది."

"అంటె ఒక్కటే మోటరు. ఎట్ల నొక్కితె అట్ల తిరుగుతది."

"కరెక్ట్."

"మీ అమ్మ వచ్చినప్పుడు ఒక దిక్కు, మా అమ్మ వచ్చినప్పుడు ఇంకో దిక్కు."

"నేను మోటరు గురించి చెప్తున్న."

"నేను గూడ మోటరు గురించే అంటున్న," అంది సుమలత. కాసేపు ఆలోచించి, "ఫీజు పోయిందేమో?" అంది.

"ఫీజు పోతె అన్ని అద్దాలు ఆగాలె. నాది సూడు," అని నా అద్దం కొద్దిగా దించి ఎక్కించాను. గెలిచాననుకున్నాను.

"అయితె మీ కాడ నా అద్దానికి గూడ స్విచ్చున్నది గద. అక్కడికెల్లి నొక్కుండ్రి."

ఇది నేను ఆలోచించలేదు. ఆ బొత్తాం ఆపేది ఆమె స్విచ్చునే, నా దగ్గరి స్విచ్చును కాదు. నొక్కితే అద్దం నిక్షేపంగా దిగుతుంది. అందుకని వేలు స్విచ్ మీద పెట్టి, నొక్కకుండా, బలమంతా మొహంలో చూపించాను. పళ్లు కొరికాను. మెడ నరాలు ఉబ్బించాను.

"ఊహూ. ఇక్కడికెల్లి గూడ వస్తలేదు," అన్నాను ఆయాసపడుతూ.

సుమలత నా మొహం చూసింది, నా వేలు చూసింది. కాసేపయ్యాక, "ఏసీ బంద్ చెయ్యుండ్రి," అంది.

"ఎందుకు?"

"ఒక మోటరు కాలింది. ఇంకోటి గూడ కాలితె? మీ అద్దం గూడ దించకుండ్రి. ఉన్న ఒక్కటన్న దక్కాలె."

మే నెల. రెండు అద్దాలూ పైకి. ఏసీ బంద్. నేను తొట్టెల కోసం కుట్టించుకున్న పట్టు చొక్కాలో ఉన్నాను. కాసేపటికి నేను చొక్కా వేసుకున్నానో, చొక్కా నన్ను వేసుకుందో తెలియలేదు. సుమలత మాత్రం కొంగుతో విసురుకుంటూ ప్రశాంతంగా ఉంది. నాకప్పుడే అనుమానం రావాల్సింది.

వేములపల్లిలో పెద్దమ్మ రోడ్డు పక్కనే నిలబడి ఉంది. చేతిలో స్టీలు డబ్బా. దాన్నిండా బియ్యప్పిండితో చేసిన వేడి వేడి తపాలచెక్కలు ఉన్నాయని, మాకే ఇవ్వడానికి నిలబడిందని తర్వాత తెలిసింది. కారును చూసి చెయ్యెత్తింది.

"ఆపుండ్రి, మా అత్త," అంది సుమలత.

"ఎన్క లారీ ఉన్నది, ఎట్ల ఆపుత?" అన్నాను. లారీ ఉన్నమాట నిజమే. నార్కట్‌పల్లి దగ్గరెక్కడో ఉండే ఉంటుంది.

సుమలత స్విచ్ నొక్కింది, అద్దం మీద కొట్టింది, రెండు చేతులూ ఊపి "దిగుతలేదత్తా, దిగుతలేదు" అని సైగలు చేసింది. లోపలున్న నాకు అది బతిమాలినట్టు కనబడింది. బయటున్న పెద్దమ్మకు అది "పో, పో" అన్నట్టు కనబడింది.

మేం మిర్యాలగూడ చేరేసరికి ఆ సైగ ఫోన్లో మాకంటే ముందే చేరింది.

గేటు దగ్గర మా అత్తమ్మ జానమ్మ నిలబడి ఉంది. మామూలుగా నన్ను చూస్తే ఆమె మొహం చేటంత అవుతుంది. ఇవాళ మూతంతే ఉంది.

"అద్దం దించలేదంట గద బిడ్డా," అంది కూతురితో.

లోపలికి పోతే అందరూ పలకరించారు గాని ఎవ్వరూ పేరుతో పిలవలేదు. "అద్దాలోళ్లు వచ్చిన్రు" అని ఎవరో వంటింట్లోకి కబురు పంపారు. కోదాడ నుంచి వచ్చిన వియ్యపురాలు, పసివాడి అమ్మమ్మ అరుంధతిగారు మర్యాదస్తురాలు, నెమ్మదిగానే అన్నారు. "అద్దం దించకపోతే దించకపోయారులెండి బాబూ. కనీసం తలుపైనా తీసుండాల్సింది. పెద్దావిడ కదా."

అసలు కబురు వెంకట్ చెప్పాడు. "అక్కా, కాటమ్మత్త రానంటున్నది. అద్దం దించనోళ్లు ఉన్న కాడికి నేనెందుకు అంటున్నది."

సుమలత కుర్చీలో కూలబడింది. ఆ ఇంట్లో తొట్టెలను ముందుగా ఊపేది ఇంటి పెద్ద ఆడబిడ్డే. వెంకట్‌ను ఊపింది కాటమ్మే, సుమలతను ఊపింది కాటమ్మే. ఆమె చెయ్యి పడకుండా ఆ ఇంట్లో ఏ పిల్లాడినీ తొట్టెల్లో వేయలేదు. పూలు చుట్టిన తొట్టెల ఖాళీగా వేలాడుతోంది. పసివాడు అమ్మ ఒళ్లో నిద్రపోతున్నాడు. కోదాడ చుట్టాలు గోడ గడియారం వైపు చూస్తున్నారు.

"నా తమ్ముని కొడుకు తొట్టెల నా వల్ల ఆగిందంటరు," అంది సుమలత. ఆమె కళ్లలో నీళ్లు చూసి నాకు చొక్కాలో చెమటతోపాటు ధైర్యం కూడా కారిపోయింది. "వెంకట్, అద్దం మోటరు కాలిందిరా. మీ బావే చెప్పిండు. అత్తకు చెప్పు."

"చెప్పిన. మోటార్లు అమ్మెటోని కార్ల మోటరు కాలుతదా అంటున్నది. కండ్లతోని సూస్తెనే నమ్ముతదంట." వెంకట్ నా వైపు తిరిగాడు. "బావా, నేను బండి మీద పోయి తీసుకొస్త. నువ్వు అత్తకు ఆ కాలిన మోటరు సూపెట్టు. ఖతం."

ఖతమే. వాడు బైకు ఎక్కుతుంటే నా ఖతం నాకు కనబడింది. ఎవరైనా నా సీట్లో కూర్చుని నా దగ్గరి స్విచ్ నొక్కితే చాలు, అద్దం సర్రున దిగుతుంది. అద్దం దిగితే సుమలత అబద్ధమాడినట్టు. బొత్తాం కనబడితే నేను ఆడినట్టు. ఇద్దరిలో ఒకరి పరువు పోవాలి. ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆ మోటరు నిజంగానే చెడిపోవాలి.

"జర వైర్లు సూసొస్త," అని కారును ఇంటి వెనక సందులోకి తీసుకుపోయాను. ముందు ఆ పాపిష్టి బొత్తాం మళ్లీ నొక్కి, సుమలత స్విచ్‌ను విడిపించాను. తర్వాత సుమలత సీట్లోకి జరిగి ఆమె స్విచ్ పట్టుకున్నాను. కిందికి, పైకి, కిందికి, పైకి. అద్దం పూర్తిగా ఎక్కాక కూడా వేలు తీయకుండా పైకే నొక్కిపట్టాను. లోపల మోటరు మూలిగింది. నేను వదల్లేదు. జీవితమంతా జనానికి "మోటరును సతాయించకుండ్రి" అని చెప్పినవాణ్ని, పగబట్టినవాడిలా సతాయించాను. చివరికి కాలినవాసన కొద్దిగా వచ్చి, టక్కుమని చప్పుడై, మోటరు ఆగిపోయింది. ఎటు నొక్కినా కదల్లేదు.

ఒక మోటరు చెడిపోయినందుకు నా గుండె నిండిపోయింది. అమ్మేవాణ్ని కాబట్టి అది నాకు కొత్తేమీ కాదు గాని, ఇంతగా ఎప్పుడూ నిండలేదు.

కారును తెచ్చి వాకిట్లో వేపచెట్టు నీడన పెట్టేసరికి వెంకట్ బైకు వచ్చింది. వెనక పెద్దమ్మ, ఆమె ఒళ్లో స్టీలు డబ్బా. చుట్టాలంతా కారు చుట్టూ చేరారు. పెద్దమ్మ ఎవరినీ పలకరించకుండా సుమలత సీట్లో కూర్చుని, తలుపు వేసుకుని, వేలితో స్విచ్ నొక్కింది. అద్దం కదల్లేదు. అటు నొక్కింది. ఇటు నొక్కింది. నేను నా వైపు నుంచి నిజంగానే నొక్కి చూపించాను.

పెద్దమ్మ తలుపు తెరిచింది. మొహం మెత్తబడింది. "అయ్యో బిడ్డా. నిన్ను ఉత్తగనే అంటిని. మోటరే కాలె. నువ్వేం సేస్తవ్?"

జానమ్మ అత్తమ్మ మొహం మళ్లీ చేటంత అయింది. "ఇగ దిగు వదినా, తొట్టెల కాడికి పోదం."

"ఎండల బండి మీద వస్తి. జర సల్లగ కూసోని చాయ్ తాగి వస్త," అంది పెద్దమ్మ. కారు ఆమెకు నచ్చింది. నేను ఏసీ వేశాను. సుమలత చాయ్ తెచ్చింది. పెద్దమ్మ తలుపేసుకుని చాయ్‌ని ఊదుకుంటూ, ప్రతి గుటకకూ ఆగుతూ తాగింది. నేను కారు చుట్టూ తిరుగుతూ, అందరికీ కాలిన మోటరు గురించి చెబుతున్నాను. కొత్త మోటరు హైదరాబాద్ నుంచి రావాలన్నాను. ఇలాంటివి బాగవ్వవన్నాను. మాట్లాడటం నాకు అలవాటైన జబ్బు.

చాయ్ అయిపోయింది. పెద్దమ్మ ఖాళీ కప్పు నాకివ్వడానికి కదిలి, మోచేయి సరిగ్గా తలుపు స్విచ్ మీద ఆనించింది.

అద్దం సర్రున దిగింది.

ఎంత బాగా దిగిందంటే, కొన్ననాడు కూడా అంత బాగా దిగలేదు. పెద్దమ్మ కప్పు పట్టుకున్న చెయ్యి కిటికీలోంచి నా ముందుకు వచ్చింది. చెట్టు మీద కాకి ఒకటి అరిచి, అది కూడా తప్పనుకుని ఊరుకుంది.

"ఇది నా బాయికాడి బోరు మోటరు తీరే ఉన్నది గద," అంది పెద్దమ్మ నిదానంగా. "వేడెక్కితె ఆగుతది. సల్లవడితె నడుస్తది. కాలిపోకుండ అదే ఆగుతదని నువ్వే సెప్పినవ్ గద కొడుకా."

"అవును పెద్దమ్మా," అన్నాను.

"మరి పొద్దుగాలటి సంది నడవని మోటరు ఇప్పుడెట్ల వేడెక్కింది? పనిచెయ్యనోనికి చెమట వడుతదా?"

అందరూ నా చొక్కా వైపు చూశారు. అది నిలువునా తడిసి ఉంది.

అరుంధతిగారు గొంతు సవరించుకున్నారు. వెంకట్ నేల చూశాడు. నేను ఆ వేపచెట్టు ఎంత ఎత్తు ఉంటుందో, ఎక్కితే దాక్కోవచ్చో లేదో చూశాను.

"నేనే అత్తా," అంది సుమలత.

అందరూ అటు తిరిగారు.

"నువ్వు రాలేదని పరేషాన్ల నేనే పోయి కార్ల కూసోని, ఇప్పుడన్న దిగుతదేమోనని స్విచ్చు నొక్కి నొక్కి పట్టిన. గందుకే వేడెక్కి ఉంటది." ఆమె నా పక్కకు వచ్చి నిలబడింది. ఇంత మంచి భార్యను నాకిచ్చిన మిర్యాలగూడకు మనసులోనే దండం పెట్టుకున్నాను. దండం ఇంకా పూర్తికాలేదు, ఆమె మళ్లీ అందుకుంది. "ఇంకో మాటత్తా. పొద్దున మా ఆయన కారు ఎందుకు ఆపలేదో తెలుసా? నీకు మొఖం సూపెట్టనీకి సిగ్గువడ్డడు."

"సిగ్గెందుకు?"

"నీ బాయికాడి మోటరు గురించి. పెద్దమ్మకు గసువంటి మోటరు ఇస్తినే అని లోలోపల ఒకటే కుములుతుండు. రేపు పొద్దుగాల తనే వచ్చి, ఆ పాతది బయటికి తీసి, దుకాణంల కెల్లి కొత్తది తెచ్చి తన చేతులతోనే బోరుల దించుతడంట. దించినంకనే నీతోని మాట్లాడుతనని ఒట్టు పెట్టుకున్నడు."

నేను ఒట్టు పెట్టుకున్న సంగతి అందరితోపాటు నాకూ అప్పుడే తెలిసింది.

పెద్దమ్మ కారు దిగింది. నా రెండు చెంపలూ పట్టుకుంది. "గింత మనసుల పెట్టుకున్నవా కొడుకా. నేనేమో మూతి ముడుసుకున్నవనుకుంటి."

"ఎంత మంచి మనసండీ మీది," అన్నారు అరుంధతిగారు కళ్లొత్తుకుంటూ. "మా కోదాడలో ఇలాంటి షాపువాళ్లను చూళ్లేదు."

నేను తలూపాను. ఒక దిక్కే ఊపాను. రెండో దిక్కు ఊపే వీలు లేదు.

పెద్దమ్మ లోపలికి పోయి తొట్టెల ఊపింది. పసివాడు ఒక కన్ను తెరిచి, అంతా సర్దుకుందని చూసి మళ్లీ పడుకున్నాడు. నాకు తపాలచెక్క పెట్టారు. గట్టిగా ఉంది. నమిలి మింగాల్సినవి ఆ పూట చాలా ఉన్నాయి.

భోజనాల వరసలో సుమలత పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. "నీకెట్ల తెలిసింది?"

"కార్లనే తెలిసింది. స్విచ్చు నొక్కినప్పుడు కష్టమంత మీ మొఖంల ఉన్నది, ఏలుల లేదు. గ్యాస్ బండ లేపుమంటె గూడ గట్లనే చేస్తరు."

"మరి అప్పుడే అడగొచ్చు గద?"

"అడిగితె ఇంకో మోటరు గురించి చెప్తరు. ఏసీ బంద్ చేపిస్తెనన్న ఒప్పుకుంటరనుకున్న. ఉడికిన్రు గాని ఒప్పుకోలే." విస్తట్లో పప్పు వడ్డించుకుంటూ అంది. "సందుల చేసింది గూడ డాబా మీది కెల్లి సూసిన. అద్దం కొంగ మెడ తీరు లేస్తున్నది, దిగుతున్నది. మీ తమాషాకు నా తమ్ముని ఇంట్ల తొట్టెల ఆగొద్దని ఊకున్న."

మర్నాడు పొద్దున్నే వేములపల్లి పొలంలో నేను లుంగీ కట్టి, గొలుసు పుల్లీతో పెద్దమ్మ బోరులోంచి పైపులు ఒక్కొక్కటే పైకి లాగుతున్నాను. సాయానికి వచ్చినవాళ్ల కంటే చూడటానికి వచ్చినవాళ్లు ఎక్కువ. కొత్త మోటరు దించి నీళ్లు పోయించేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పెద్దమ్మ గట్టు మీద నిలబడి, రోడ్డున పోయే ప్రతి మనిషినీ కేకేసి పిలిచింది. "మా సుమలత పెనిమిటి. మోటరు అమ్ముడే గాదు, ఇంటికొచ్చి దించిపోతడు. మీది గూడ సతాయిస్తె సెప్పుండ్రి."

వాళ్లందరి మోటార్లూ సతాయిస్తున్నవే. సగం నేను అమ్మినవే.

ఇప్పుడు మేం మిర్యాలగూడ పోతుంటే, సూర్యాపేట దాటిన దగ్గర్నుంచి ఎవరో ఒకరు చెయ్యెత్తి కారు ఆపుతారు. సుమలత ఏసీ వేసుకుని, సీటు వెనక్కి వాల్చుకుని కూర్చుంటుంది. అద్దం దించదు. దించాల్సిన అవసరం లేదు. వాళ్లు వచ్చేది నా వైపుకు.

నేను పానా తీసుకుని దిగుతాను.